అడుగున ముద్ర ఉంటే చాలదు: పాత పింగాణీని చదవడం, ఇంట్లో అమర్చడం

తెల్లటి ఒంటి మీద నీలం డ్రాగన్ గీసిన చైనా గిన్నె ఒకటి చేతికొచ్చింది అనుకుందాం. తిరగేస్తే అడుగున ఆరు చైనా అక్షరాలు. తెలిసినవాళ్లతో చదివించుకుంటే ‘మహా మింగ్ వంశం, చెంగ్‌హువా కాలంలో చేసినది’ అని తేలింది. చెంగ్‌హువా కాలమంటే 1465 నుంచి 1487 వరకు. ఆ లెక్కన గిన్నెకు ఐదు వందల ఏళ్లు నిండాయి.

తొందరపడకండి. ఆ ముద్రతో కనిపించే గిన్నెల్లో చాలావాటిని రెండు వందల ఏళ్ల తర్వాత, కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) చేశారు. 19వ శతాబ్దంలో చేసినవి ఇంకా ఎక్కువ. నిన్నమొన్న చేసినవీ ఉన్నాయి. పైగా వీటన్నిటినీ మోసం అనడానికి కూడా లేదు. కాంగ్‌షీ కాలపు పనివాళ్లు పాతవాళ్ల పనితనం మీద గౌరవంతో ఆ ముద్ర వేసేవారు. 19వ శతాబ్దం వచ్చేసరికి అదే గౌరవం కాంగ్‌షీ ముద్రకు దక్కింది, దాన్నీ కాపీ కొట్టారు. మోసం చేయాలని వేసిన ముద్రలు వీటి మధ్యలో కలిసిపోయి ఉంటాయి.

పాత పింగాణీ సేకరించడం మొదలుపెట్టినవాళ్లు ముందుగా చూసేది ఈ ముద్రనే. నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన విషయం. మట్టి, పూత, రంగు, అరుగుదల, ఈ నాలుగూ ఒకే కాలాన్ని చూపిస్తుంటే ముద్ర వాటికి తోడు సాక్ష్యం అవుతుంది. అవి ఒకటి చెప్పి ముద్ర ఇంకోటి చెబితే దాదాపు ఎప్పుడూ అబద్ధమాడేది ముద్రే. ఇంకో సంగతి: వస్తువు వయసు పట్టుకోవడానికి పనికొచ్చే ఈ నాలుగే, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో, వాడొచ్చో వాడకూడదో, ఎలా కడగాలో కూడా చెబుతాయి. అందుకే సేకరణనూ అలంకరణనూ విడివిడిగా చెప్పడం నాకు కుదరదు.

ఆంటిక్, వింటేజ్ తేడా పెద్ద చిక్కేం కాదు. వందేళ్లు దాటితే ఆంటిక్. అమెరికా కస్టమ్స్ నిబంధనలతో సహా చాలాచోట్ల ఇదే కొలత. వింటేజ్‌కు అలాంటి గట్టి గీత లేదు. కొన్ని దశాబ్దాలు దాటి, తన కాలపు శైలి స్పష్టంగా కనిపించే వస్తువును అలా పిలుస్తారు. అమ్మేవాళ్లు ఆ మాటను ఇంకా ధారాళంగా వాడతారనేది వేరే సంగతి.

ముందు మట్టి

కాల్చిన మట్టి వస్తువులన్నీ మూడు పెద్ద కుటుంబాలు. మొదటిది మామూలు మట్టిపాత్ర, అంటే ఎర్తెన్‌వేర్. సుమారు 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుతుంది. కాలాక కూడా లోపల సన్నటి రంధ్రాలు మిగులుతాయి, కాబట్టి నీళ్లు పీలుస్తుంది. పైన గ్లేజ్ అనే గాజులాంటి పూత లేకపోతే నీరు నిలవదు. రెండోది స్టోన్‌వేర్. 1200 నుంచి 1300 డిగ్రీల దగ్గర మట్టిలో కొంత భాగం కరిగి మిగతాదాన్ని పట్టుకుని గట్టిపడుతుంది. పూత లేకపోయినా నీరు కారదు. బరువైన జాడీలు ఎక్కువగా ఈ కుటుంబానివే. మూడోది అసలు పింగాణీ. కయోలిన్ అనే తెల్ల మట్టినీ, ఫెల్డ్‌స్పార్ ఉన్న ఒక రకం రాతిపొడినీ కలిపి ఇంకా ఎక్కువ వేడిలో, దాదాపు 1300 డిగ్రీలు, ఆ పైన కాలుస్తారు. రాతిపొడి గాజులా కరిగి కయోలిన్ చుట్టూ నిండుతుంది. అందుకే పల్చటి పింగాణీ వెనక దీపం పెడితే వెలుతురు ఇవతలికి వస్తుంది.

చైనాలో జింగ్‌డెజెన్ ఊరు ఈ పనికి శతాబ్దాల పాటు కేంద్రం. యూరప్‌కు మాత్రం దాని గుట్టు 18వ శతాబ్దం దాకా చిక్కలేదు. ఈలోపు వాళ్లు రెండు దారులు పట్టారు. ఒకటి, మామూలు మట్టిపాత్ర మీద తగరం కలిపిన దట్టమైన తెల్లపూత వేసి, దాని మీద నీలం బొమ్మలు గీయడం. 17వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఈ పనితోనే పేరు తెచ్చుకుంది. రెండు, మట్టిలో గాజుపొడి కలిపి పింగాణీలా కనిపించే మెత్తటి రకాన్ని తయారు చేయడం. దీన్ని సాఫ్ట్ పేస్ట్ అంటారు, ఫ్రాన్స్‌లో సెవ్ర్ కర్మాగారం తొలినాళ్ల పని ఇదే.

అసలు గుట్టు విప్పింది జర్మనీలోని సాక్సనీ రాజ్యంలో. బంగారం తయారు చేస్తానని చెప్పుకున్న యోహాన్ ఫ్రీడ్రిక్ బోట్గర్ అనే కుర్రాడిని అక్కడి రాజు ఆగస్టస్ బంధించి ఉంచాడు. బంగారం రాలేదు. శాస్త్రవేత్త చిర్న్‌హౌస్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో 1708లో పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్ కర్మాగారం మొదలైంది. ఇంగ్లండ్ ఇంకో దారిలో వెళ్లింది. 18వ శతాబ్దం చివర్లో స్పోడ్ కర్మాగారంలో కాల్చిన ఎముకల బూడిదను మట్టిలో కలిపే పాళ్లు స్థిరపడ్డాయి. అదే బోన్ చైనా. అందులో దాదాపు సగం ఎముకల బూడిదే.

ఈ చరిత్ర అంతా దేనికంటే, పైకి తెల్లగా కనిపించే నాలుగు వస్తువులు నాలుగు వేరే పదార్థాలు కావచ్చు. తేడా కనిపెట్టడానికి టార్చ్ లైటు, కాస్త ఓపిక చాలు. వెలుతురు అసలు రాకపోతే అది మట్టిపాత్రో స్టోన్‌వేరో, లేదా బాగా మందమైన పింగాణీయో. బోన్ చైనాలో వెలుతురు వెచ్చటి మీగడ రంగులో కనిపిస్తుంది, గట్టి పింగాణీలో కొంచెం చల్లటి తెలుపు. అంచున పెచ్చు ఊడి ఉంటే అంతకన్నా మంచి ఆధారం లేదు. మట్టిపాత్ర అయితే ఆ చోట బిస్కెట్ విరిచినట్టు పొడిపొడిగా, గరుగ్గా ఉంటుంది. పింగాణీ అయితే నున్నగా మెరుస్తుంది. డెల్ఫ్ట్ పళ్లేల అంచుల్లో పూత ఊడి కింద గోధుమరంగు మట్టి బయటపడటం మామూలే. పాత డెల్ఫ్ట్ పళ్లెం అంచు ఎక్కడా ఊడకుండా ఉంటేనే నాకు అనుమానం ఎక్కువ.

ఇంకో చిన్న ఆనవాలు కూడా ఉంది. 1760లలో ఇంగ్లండ్ కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్ మెరుగుపరిచి రాణి షార్లెట్ మెప్పు పొందిన మీగడరంగు పాత్రల్లో, అడుగు వలయం (పాత్ర నిలబడే గుండ్రటి అంచు) మూలలో గ్లేజ్ పేరుకున్న చోట కొంచెం పసుపో ఆకుపచ్చో కనిపిస్తుంది. 1779లో వచ్చిన పెర్ల్‌వేర్ అనే ఇంకా తెల్లటి రకంలో అదే చోట నీలిఛాయ ఉంటుంది, ఎందుకంటే తెలుపు ఇంకా తెల్లగా కనిపించాలని గ్లేజ్‌లో చిటికెడు కోబాల్ట్ కలిపేవారు. ముద్ర లేని వస్తువుల్లో ఈ మూల చూసే చాలామంది కాలం నిర్ణయిస్తారు.

రంగు పూత కిందా, పైనా

బొమ్మ గీసింది గ్లేజ్ కిందనా, పైనా అన్నది రెండో ప్రశ్న. ఎక్కువ వేడిని తట్టుకునే రంగులు తక్కువ. వాటిలో అన్నిటికన్నా నమ్మకమైనది కోబాల్ట్ నీలం. ప్రపంచమంతటా నీలం-తెలుపు పింగాణీ ఇంతగా పరచుకోవడానికి అందం ఒక కారణమైతే, కొలిమి వేడి ఇంకో కారణం. 14వ శతాబ్దంలో చైనా పనివాళ్లు పర్షియా వైపు నుంచి వచ్చిన కోబాల్ట్‌తో బొమ్మలు గీసి, దాని మీద గ్లేజ్ వేసి కాల్చారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న డేవిడ్ వాజులు అనే జంట మీద 1351కి సరిపోయే తేదీ రాసి ఉంది. మిగతా నీలం-తెలుపు పింగాణీ కాలం కట్టడానికి పరిశోధకులకు అదొక మైలురాయి.

ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, గులాబీ లాంటి ఎనామెల్ రంగులు, బంగారం అంత వేడికి తట్టుకోవు. వాటిని కాలిన గ్లేజ్ మీద వేసి, మళ్లీ తక్కువ వేడిలో కాలుస్తారు. వస్తువును వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే ఈ రంగులు కొంచెం ఉబ్బెత్తుగా కనిపిస్తాయి, వేలికి తగులుతాయి కూడా. జపాన్‌లోని అరితాలో చేసి ఇమారి రేవు నుంచి ఎగుమతి చేసిన పళ్లేల్లో ఈ రెండూ ఒకేచోట ఉంటాయి. నీలం గ్లేజ్ కింద, ఎరుపూ బంగారమూ పైన. బాగా వాడిన పాత ఇమారి పళ్లెంలో నీలం నిన్న గీసినట్టుంటే, బంగారం అక్కడక్కడా చెరిగి ఉంటుంది. మధ్యలో కత్తిగీతలు ఉండి బంగారం మాత్రం ఎక్కడా చెక్కుచెదరకపోతే, ఆ బంగారం తర్వాత వేసిందేమో ఆలోచించాలి.

18వ శతాబ్దం మధ్యలో చేత్తో గీసే పనికి పోటీ వచ్చింది. రాగిరేకు మీద చెక్కిన బొమ్మను పల్చటి కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని పాత్రకు అంటించి రంగు దించడం. 1756లో లివర్‌పూల్‌కు చెందిన జాన్ శాడ్లర్, గై గ్రీన్ ఆరు గంటల్లో 1,200కు పైగా టైల్స్ అచ్చువేశామని ప్రమాణ పత్రం రాసిచ్చారు. చేత్తో గీసేవాళ్లకు ఆ లెక్క ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1780లలో స్పోడ్ కర్మాగారం ఇదే పద్ధతిని గ్లేజ్ కింద నీలానికి సాధించింది. దాంతో మధ్యతరగతి ఇళ్లకు నీలం-తెలుపు డిన్నర్ సెట్లు చేరాయి.

అచ్చుపనిని భూతద్దంతో ఇట్టే పట్టుకోవచ్చు. కుంచె గీతలో నీలం ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా ఉంటుంది. అచ్చులో నీడలన్నీ సన్నటి గీతలు, చుక్కలే. అంచు డిజైన్ చుట్టూ తిరిగి కలిసే చోట పువ్వు సగంలో తెగిపోవడమో, ఆకు మీద ఆకు పడటమో కనిపిస్తుంది. ఆ అతుకు దొరికితే నాకు భలే సరదా, అక్కడ ఒక మనిషి చెయ్యి కొంచెం జారింది కాబట్టి.

విల్లో ప్యాటర్న్ గురించి చెప్పకుండా ఈ విషయం దాటలేం. వంతెన మీద ముగ్గురు మనుషులు, వాలిన చెట్టు, పైన ఎగిరే జంట పక్షులు. చైనా ప్రేమికుల విషాదగాథ అని చెప్పి అమ్ముతారు. ఆ డిజైన్ సుమారు 1790 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో తయారైంది. కథ ఇంకా తర్వాత, అదీ ఇంగ్లండ్‌లోనే పుట్టింది. ఎన్నో కర్మాగారాలు దాన్ని అచ్చువేశాయి, ఇప్పటికీ వేస్తున్నాయి. కాబట్టి విల్లో పళ్లెం అన్నంత మాత్రాన పాతదీ కాదు, చైనాదీ కాదు.

ఇక ముద్ర

చివర్లో చూడమన్నానే గానీ ముద్రలు పనికిరావని కాదు. ‘ఇంతకన్నా పాతది కాదు’ అని చెప్పడంలో అవి గట్టివి. ‘ఇంత పాతది’ అని చెప్పడంలోనే బలహీనం.

ఉదాహరణకు దేశం పేరు. అమెరికాలో మెకిన్లీ సుంకాల చట్టం 1890లో వచ్చి, 1891 మార్చి నుంచి దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలని చెప్పింది. అప్పటి నుంచి ‘ఇంగ్లండ్’, ‘చైనా’, ‘నిప్పాన్’ లాంటి మాటలు అడుగున కనిపించడం మామూలైంది. జపాన్ వస్తువుల మీద ‘నిప్పాన్’ 1921 దాకా, ఆ తర్వాత ‘జపాన్’. రెండో ప్రపంచయుద్ధం తర్వాత 1952 దాకా ఎగుమతుల్లో కొన్నిటి మీద ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటుంది. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కీ 1990కీ మధ్య. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని పూర్తిగా రాసి ఉంటే ఎక్కువగా 20వ శతాబ్దపుది. అయితే దేశం పేరు లేనంత మాత్రాన 1891కి ముందుది అనేసుకోకూడదు. సెట్‌లో ప్రతి వస్తువుకూ ముద్ర వేసేవారు కాదు, కొన్నిటికి కాగితం లేబుల్ అంటించి సరిపెట్టేవారు.

బ్రిటన్‌లో రిజిస్టర్ చేసిన డిజైన్లకు 1842 నుంచి 1883 వరకు ఒక వజ్రాకారపు గుర్తు ఉండేది. దాని మూలల్లోని అక్షరాలూ అంకెల ద్వారా డిజైన్ రిజిస్టరైన తేదీ తెలుస్తుంది. 1884 నుంచి మామూలు వరుస నంబర్లు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఆ తేదీ డిజైన్ రిజిస్టరైన రోజు, వస్తువు తయారైన రోజు కాదు. ఇలాంటిదే ఇంకో ఉచ్చు, ముద్రలో కనిపించే పెద్ద సంవత్సరం. ‘1759’ లాంటి అంకె ఉంటే అది చాలాసార్లు కంపెనీ పెట్టిన ఏడాది. దాని పక్కనే ‘డిష్‌వాషర్ సేఫ్’ అని ఉంటే ఇక చర్చ అక్కర్లేదు.

కొన్ని కంపెనీలు మాత్రం సేకరించేవాళ్ల మీద దయతో పనిచేసినట్టు ఉంటాయి. అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1880లో మరియా లాంగ్‌వర్త్ నికల్స్ స్థాపించిన రూక్‌వుడ్ కంపెనీ 1886 నుంచి తన పేరులోని పొడి అక్షరాల ముద్ర వేసింది. ఆ తర్వాత ఏడాదికొక జ్వాల బొమ్మ చొప్పున దాని చుట్టూ కలుపుతూ పోయింది. 1900 నాటికి పద్నాలుగు జ్వాలలు. 1901 నుంచి ముద్ర కింద రోమన్ అంకె. జ్వాలలు లెక్కపెడితే ఏడాది వచ్చేస్తుంది.

అందరికన్నా ఎక్కువ కాపీ అయినవి మైసెన్ జంట కత్తులు, సెవ్ర్ పెనవేసిన రెండు ఎల్ అక్షరాలు. అవి కనిపించినప్పుడు ఆశ కన్నా అనుమానం ముందు రావాలి. ప్యారిస్‌లో శాంసన్ అనే సంస్థ 19వ శతాబ్దంలో పాత కర్మాగారాల పనిని అద్భుతంగా కాపీ చేసింది. ఆ కాపీలకే ఇప్పుడు సేకరించేవాళ్లు ఉన్నారు.

నకిలీని పట్టించేది మళ్లీ అరుగుదలే. వందేళ్లు అరల మీద, బల్లల మీద జరిగిన వస్తువు అడుగు వలయం ఎక్కడ ఒత్తిడి పడిందో అక్కడే అరుగుతుంది. గీతలు అన్ని దిక్కులా, కొన్ని లోతుగా, కొన్ని సన్నగా ఉంటాయి. ఇసుక కాగితంతో చేసిన అరుగుదలలో గీతలన్నీ ఒకే వరుసలో, ఒకే లోతులో కనిపిస్తాయి. మురికి కూడా మూలల్లో పేరుకుంటే నమ్మొచ్చు, చెయ్యి తగిలే చోట కూడా సమానంగా పులిమినట్టుంటే నమ్మకూడదు.

దెబ్బలు, అతుకులు

పెచ్చు ఊడటం, వెంట్రుకంత బీట, గ్లేజ్ నెర్రెలు, దాచిన రిపేరు, వీటన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. నిజానికి ఒక్కోదాని బరువు వేరు.

గ్లేజ్‌లో వలలా పరుచుకునే సన్నటి నెర్రెలను క్రేజింగ్ అంటారు. చల్లారేటప్పుడు గ్లేజూ మట్టీ ఒకే కొలతలో కుదించుకోకపోవడం వల్ల వస్తాయి. ఎర్తెన్‌వేర్ ఏళ్ల తరబడి తేమ పీల్చి కొంచెం ఉబ్బడం వల్ల కూడా తర్వాతెప్పుడో వస్తాయి. పాత మట్టిపాత్రల్లో ఇది సహజం, చూడటానికి పెద్ద లోపం కాదు. కానీ ఆ నెర్రెల గుండా మరకలు లోపలికి దిగుతాయి. నెర్రెలు పాతదనానికి రుజువు కూడా కావు. కొలిమిలోనే తెప్పించి, టీ నీళ్లతో రంగు పట్టించిన కొత్త వస్తువులు ఎన్నో ఉన్నాయి.

బీట అలా కాదు. వేలిగోరుతో మెల్లగా కొడితే మంచి పింగాణీ గిన్నె గణగణమంటుంది, బీట ఉన్నది మూగగా పలుకుతుంది. పైకి కనబడకుండా పూడ్చి రంగు వేసిన చోటు చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చ్ కింద చాలాసార్లు వేరే రంగులో వెలుగుతుంది. టార్చ్ లేకపోతే పెదవికి ఆనించి చూసేవాళ్లూ ఉన్నారు, గ్లేజ్ చల్లగా ఉంటుంది, రంగు పూసిన చోటు అంత చల్లగా ఉండదు. మూత ఉన్న వస్తువుల్లో ఇంకో మెలిక, మూత ఒకదానిది, పాత్ర ఇంకోదానిది కావచ్చు. తెలుపు రంగు, నీలం ఛాయ, డిజైన్ కొలత మూడూ కలుస్తున్నాయో లేదో చూడాలి.

దెబ్బతిన్న వస్తువు విషయంలో నాకు ఒక పక్షపాతం ఉంది. ఇంట్లో పెట్టుకోవడానికైతే బీట ఉన్న అసలైన 18వ శతాబ్దపు పళ్లెం, మచ్చలేని కొత్త కాపీ కన్నా ఎన్నో రెట్లు మేలు. గోడకు అదే బాగుంటుంది, కొనడం కూడా తేలిక. పాతకాలంలో విరిగిన ముక్కలకు సన్నటి రంధ్రాలు చేసి లోహపు కొక్కేలతో బిగించేవారు. జపాన్‌లో లక్కలాంటి ఉరుషి జిగురుతో అతికి, అతుకు మీద బంగారు పొడి చల్లుతారు. దాన్నే కింత్సుగి అంటారు. ఇలాంటి పాత రిపేర్లు తీయించేసి కొత్తగా దాచి అతికించాలని చూడకండి. అవి ఆ వస్తువు చరిత్రలో భాగం. కానీ డబ్బు పెట్టుబడి అనుకుని కొనేవాళ్లకు నా పక్షపాతం పనికిరాదు, మార్కెట్ బీటను క్షమించదు.

పాతది కాబట్టి అరుదు అనుకోవడం కూడా తప్పే. 1752లో మునిగిన డచ్ ఓడ గెల్డర్‌మాల్సెన్ సరుకును 1980లలో సముద్రం నుంచి తీశారు. 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే లక్షన్నర దాకా వస్తువులు తేలాయి. 1822లో మునిగిన టెక్ సింగ్ అనే చైనా ఓడ నుంచి 1999లో తీసినవి సుమారు మూడున్నర లక్షలు. అవన్నీ నిజంగా పాతవే, గిన్నెలు మాత్రం బోలెడు. వీటి విషయంలో గిన్నె కన్నా ఆ వేలం లేబుల్, కాగితాలు ఎక్కువ పని చేస్తాయి. పూర్తి డిన్నర్ సెట్లది ఇంకో తీరు. కడగడం కష్టం, దాచడానికి చోటు కావాలి, అందుకే ఎంత పాతవైనా కొనేవాళ్లు తక్కువ. అలంకరణ కోసం వెతికేవాళ్లకు ఇది మంచి అవకాశం. సెట్లు విడగొట్టి అమ్మేచోట ఒక పెద్ద పళ్లెం, ఒక సూప్ పాత్ర తీసుకుంటే సరిపోతుంది.

ఇంట్లో ఎక్కడ

పింగాణీతో ఇల్లు అలంకరించడం యూరప్ రాజులకు పిచ్చిగా మారిన కాలం ఉంది. మైసెన్ పెట్టించిన ఆగస్టస్ రాజే 1717లో ప్రష్యా రాజుకు 600 మంది సైనికులను ఇచ్చి, బదులుగా 151 చైనా పింగాణీ వస్తువులు తీసుకున్నాడు. వాటిలోని పెద్ద జాడీలను ఇప్పటికీ డ్రాగూన్ వాజులు అంటారు. డ్రాగూన్లంటే గుర్రపు సైనికులు. బెర్లిన్‌లోని షార్లొటెన్‌బర్గ్ కోటలో ఒక గది గోడలు పైనుంచి కింద దాకా పింగాణీతోనే నిండి ఉంటాయి. 1870లలో లండన్‌లో ఓడల యజమాని ఫ్రెడరిక్ లేలాండ్ తన నీలం-తెలుపు సేకరణ కోసం అరలతో భోజనాల గది కట్టించుకుంటే, చిత్రకారుడు విస్లర్ దాన్ని నెమలిరంగుల్లో ముంచేశాడు. ఆ గది ఇప్పుడు వాషింగ్టన్‌లోని ఫ్రియర్ మ్యూజియంలో ఉంది.

ఆ గదుల్లో మనం తీసుకోదగ్గ సూత్రం ఒకటుంది. గుంపు వల్ల మామూలు వస్తువుకు బలం వస్తుంది. విడిగా చూస్తే ఎవరూ పట్టించుకోని అచ్చు పళ్లేలు, ఒకే నీలంలో పది కలిసి గోడెక్కితే గది మొత్తాన్ని పట్టేస్తాయి. డిజైన్లు కలవాల్సిన పని లేదు, రంగు కలిస్తే చాలు. అదే సూత్రం తిరగేస్తే, చేత్తో మలిచిన స్టూడియో కుండకో రూక్‌వుడ్ వాజుకో చుట్టూ ఖాళీ కావాలి. వాటి అందం గ్లేజ్ ఒంటి మీద ఎలా జారిందో అందులో ఉంటుంది. గుంపులో పెడితే అది కనబడదు. 1960, 70లలో పశ్చిమ జర్మనీలో చేసిన, లావా పొంగినట్టు గరుకు గ్లేజ్ ఉన్న వాజులు కూడా అంతే. పక్కనుంచి వెలుతురు పడితే ఆ గరుకుతనం లేచి కనిపిస్తుంది, ఎదురుగా పడితే చదునైపోతుంది.

ఎత్తు గురించి చాలామంది ఆలోచించరు. లోపల బొమ్మ ఉన్న గిన్నెను పై అరలో పెడితే దాని బయటి వైపు మాత్రమే కనిపిస్తుంది. నడుము ఎత్తులోనో, ఇంకా కిందో పెట్టాలి. పెద్ద జాడీలు నేల మీద ఠీవిగా ఉంటాయి. పల్చటి బోన్ చైనా కప్పుల వెనక చిన్న ఎల్‌ఈడీ పెడితే వాటి గుణం బయటపడుతుంది. వేడెక్కే పాత రకం బల్బు మాత్రం వద్దు, రిపేరు చేసిన అతుకులు వేడికి మెత్తబడతాయి.

పళ్లేలను గోడకు వేలాడదీసే స్ప్రింగు కొక్కేలు నాకు ఇష్టం లేదు. లోహపు గోళ్లు అంచును పట్టి లాగుతూనే ఉంటాయి, బీట ఉన్న పళ్లెం ఒకరోజు అక్కడే రెండుగా విడిపోతుంది. వాడక తప్పదంటే గోళ్లకు ప్లాస్టిక్ తొడుగు ఉన్నవి, పళ్లెం కొలతకు కొంచెం వదులుగా ఉన్నవి చూడండి. వెనక అతికించే గుండ్రటి బిళ్లలు మంచి గ్లేజ్ ఉన్న పింగాణీకి పర్వాలేదు గానీ, నెర్రెలు పడ్డ మట్టిపాత్రకు వద్దు. తీసేటప్పుడు గ్లేజ్‌ను కూడా లాక్కొచ్చే ప్రమాదం ఉంది. గాడి ఉన్న అర, ముందు సన్నటి పట్టీ, ఇదే అన్నిటికన్నా భద్రం. అరల మీది వాజుల కింద మ్యూజియం వ్యాక్స్ అనే అంటుకునే మైనం చిన్న ఉండలు నాలుగు పెడితే తలుపు దఢాలుమన్నా కదలవు. స్పీకర్ పక్కన, ఫ్రిజ్ మీద ఏమీ పెట్టకండి. ఆ సన్నటి కంపనానికి వస్తువు రోజుకు కొంచెం కొంచెం అంచుకు జరుగుతుంది.

ఎర్తెన్‌వేర్ కుండీలు ఆరుబయట పెట్టాలనుకుంటే వాతావరణం చూసుకోవాలి. పీల్చిన నీరు గడ్డకట్టే చలిలో వ్యాకోచించి పూతను పెచ్చులుగా ఊడదీస్తుంది. వాజులో పూలు పెట్టేటప్పుడు లోపల ఒక గాజు గొట్టమో చిన్న గ్లాసో పెట్టి, నీళ్లు అందులో పోయండి. బీట ఉన్న వాజుకూ ఇదే మార్గం. వాజుకు అడుగున రంధ్రం చేసి దీపస్తంభంగా మార్చాలన్న ఆలోచన వస్తే మామూలు వాజుతో చేసుకోండి. మంచి వస్తువుకు ఒక్క రంధ్రంతో సేకరణ విలువ చాలావరకు పోతుంది.

అందులో తినొచ్చా

ఈ ప్రశ్నకు నా జవాబు ముక్కుసూటిగా ఉంటుంది. తెలియకపోతే వద్దు. పాత గ్లేజుల్లో, గ్లేజ్ మీది ఎనామెల్ రంగుల్లో సీసం వాడటం శతాబ్దాల పాటు సాధారణం. ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో కాడ్మియం కూడా ఉండొచ్చు. సరిగ్గా కాలి, చెక్కుచెదరని గ్లేజ్‌లో సీసం చాలావరకు బందీగా ఉంటుంది. పులుపు తగిలినప్పుడు, వేడి పదార్థం ఎక్కువసేపు నిలవ ఉన్నప్పుడు, గ్లేజ్ అరిగో నెర్రెలు పడో ఉన్నప్పుడు బయటికి వస్తుంది. ఇంట్లో దూదిపుల్లలాంటి దానితో రుద్ది చేసుకునే స్వాబ్ పరీక్షలో రంగు మారితే సీసం ఉన్నట్టే అనుకోవాలి. మారకపోతే మాత్రం లేదని పూర్తి భరోసా లేదు. ల్యాబ్ పరీక్షే నమ్మదగ్గది. పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో అయితే పాత పాత్రలు అరలోనే ఉండనివ్వండి.

అమెరికాలో 1936లో వచ్చిన ఫియస్టా పాత్రల ఎరుపు కథ ఇంకా విడ్డూరం. ఆ నారింజ-ఎరుపు కోసం గ్లేజ్‌లో యురేనియం ఆక్సైడ్ వాడేవారు. యుద్ధంలో ప్రభుత్వం యురేనియాన్ని తన అధీనంలోకి తీసుకోవడంతో 1943లో ఆ రంగు ఆగిపోయింది, 1959లో డిప్లీటెడ్ (రేడియోధార్మికత తగ్గిన) యురేనియంతో మళ్లీ వచ్చింది. అరలో పెట్టి చూసుకోవడానికి భయపడాల్సింది లేదు. తినడానికి మాత్రం ఇప్పటి రంగులు చాలు.

కడిగేటప్పుడు సింకులో ప్లాస్టిక్ తొట్టె పెట్టి, గోరువెచ్చని నీళ్లలో, మెత్తటి గుడ్డతో, ఒకసారి ఒక్కటే. ఒక చేత్తో అడుగు, ఒక చేత్తో ఒళ్లు పట్టుకోవాలి. పిడి పట్టుకుని ఎత్తకూడదు, పాత కప్పుల్లో అన్నిటికన్నా బలహీనమైన అతుకు అదే. డిష్‌వాషర్‌లో బంగారు గీత కొన్నాళ్లకే చెరిగిపోతుంది. అతికించిన వస్తువును నానబెట్టొద్దు. మరక పోవాలని నెర్రెలున్న మట్టిపాత్రను క్లోరిన్ బ్లీచ్‌లో ముంచడం మరీ చెడ్డ పని. ఆ లవణాలు గ్లేజ్ కింద స్ఫటికాలై, నెలల తర్వాత పూతను లోపలి నుంచి పైకి లేపుతాయి. మైక్రోవేవ్‌లో బంగారు గీత నిప్పురవ్వలు రాలుస్తుంది. పళ్లేలు ఒకదాని మీద ఒకటి పెట్టాల్సి వస్తే మధ్యలో గుడ్డముక్క వేయండి. పై పళ్లెం అడుగు వలయం మీద గ్లేజ్ ఉండదు, అది కింది పళ్లెం బంగారాన్ని గీకేస్తుంది.

కొన్న ప్రతి వస్తువుకూ ఒక చిన్న నోటు రాసుకోండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరి దగ్గర కొన్నారు, అమ్మినవాళ్లు ఏం చెప్పారు, మీరు చూస్తే ఏం కనిపించింది. ఈ చివరి రెండూ వేర్వేరుగా రాయండి. ఫొటో తీసేటప్పుడు అడుగు వలయం, లోపాలు కూడా తీయండి, అందమైన వైపు ఒక్కటే కాదు. అడుగున పాత కాగితం లేబులో, వేలం నంబరో, పెన్సిల్ రాతో కనిపిస్తే కడిగేయకండి. ఆ లేబుల్ ద్వారా వస్తువు ఏ సేకరణ నుంచి, ఏ వేలం నుంచి వచ్చిందో వెతికి పట్టుకోవచ్చు. ఒకసారి తడిసి ఊడిపోతే ఆ దారి మళ్లీ దొరకదు.